సుమియాతి పాటల్లో చావు, నా చేతుల్లో చావు

“అక్కా, నాకు పోసే నీళ్ళు మరీ చల్లగా పెట్టొద్దు.”

“నోర్మూసుకోని పండుకో మే.”

సుమియాతీ నేనూ చివరగా అనుకున్న మాటలు ఇవే. సౌదీలోని జుబైల్‌లో మేం పనిచేసిన ఆసుపత్రిలోనే పై అంతస్తులో ఆమె మంచం. అదే ఆసుపత్రి వెనక, మార్చురీని ఆనుకొని, చనిపోయిన ఆడవాళ్ళకు స్నానం చేయించే గది ఉంది. ఆ గదిలో ఇద్దరం ఏళ్ళ తరబడి కలిసి పనిచేశాం. ఆమెది జావా దీవి. నాది రాయచోటి దగ్గర పల్లె. ఆమె తన భాషలో చావు మీద పాటలు కట్టేది, నేను ఆ పాటలతో తగువు పెట్టుకునేదాన్ని. తను పోతే నేనే స్నానం చేయించాలని, ఇంకొకరి చెయ్యి పడకూడదని నా దగ్గర మాట తీసుకుంది. ఆ మాట ఏమైందో చెప్పడానికే ఇదంతా.

నా పేరు దస్తగిరమ్మ. దూదేకులవాళ్ళం. సంతకం పెట్టగలను, బస్సు బోర్డు కూడబలుక్కొని చదవగలను, అంతకుమించి రాదు. నేను చెబుతుంటే నా చెల్లెలి కూతురు రేష్మా రాస్తోంది. మా పక్కనుంచి ఇప్పటికీ ఆడపిల్లలు సౌదీకి పోతూనే ఉన్నారు. వాళ్ళలో ఎవరో ఒకరికి ఈ గది పని తగులుతుంది. ఏజెంటు దాని గురించి చెప్పడు. నేను చెబుతాను. సుమియాతీ నేనూ మాట్లాడుకున్నది వచ్చీరాని అరబ్బీలో, దాన్ని ఇక్కడ నా యాసలోనే చెబుతున్నాను.

గది పని

నేను పోయింది నేల తుడిచే పనికి. ఒకరోజు మార్చురీ వైపు మనిషి లేదని మా సూపర్‌వైజర్ నయీం సాబ్ నన్ను పంపాడు. హైదరాబాదు మనిషి, మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. “మయ్యత్ అంటే భయమా?” అన్నాడు, శవమంటే అని. లేదన్నాను. ఉంది. ఉందంటే ఇంకే పని చెప్తాడోనని అట్లా అన్నాను.

ఆ గదికి పెద్ద ఉమ్ ఫహద్. ఆ దేశపు మనిషి. జీతం లేకుండా పుణ్యానికి వచ్చి చేసేది. మా ఇద్దరికీ పని నేర్పింది ఆమే. మొదటిరోజు నేను ఒక ముసలమ్మ చేతిని చీపురుకట్ట పట్టుకున్నట్టు పట్టుకున్నానట. నా మణికట్టు పట్టుకొని ఆపింది.

“ఈమె నిద్రపోతాంది. లేపకుండా కడుగు.”

ఆమె చెప్పినదాంట్లో నేను ఎప్పుడూ మరవని మాట అది. మిగతావి చేతులు నేర్చుకుంటాయి. శరీరం మీద గుడ్డ ఎప్పుడూ కప్పే ఉండాలి, నీ చెయ్యి దానికింద పనిచేయాలి, నీ చూపు పనిచేయకూడదు. కుడివైపు ముందు. కడుపు మీద బరువు వేయకుండా చిన్నగా ఒత్తాలి. నీళ్ళలో రేగాకు పొడి, ఆఖరి నీళ్ళలో కర్పూరం. తల కడిగాక జుట్టు మూడు జడలు అల్లి వెనక్కి వేయాలి. లోపల ఏం చూసినా బయట నోరెత్తకూడదు. ఆ ఒట్టు నేను ఇప్పుడూ దాటను. ఎవరి ఒంటి మీద ఏముందో ఇందులో ఉండదు.

కానీ ఒకటి చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళు అందరూ అక్కడే తప్పు చేస్తారు. చలిపెట్టెలోనుంచి తీసిన మనిషి కట్టెలాగా ఉంటుంది. చేతులు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉంటాయి. బయట మగవాళ్ళు నమాజుకు టైమయిందని తలుపు కొడుతుంటారు. ఆ తొందరలో చెయ్యిని లాగి చాపుతారు. లాగొద్దు. చలి విడిచేదాకా కూర్చోవాలి. గంటలు పట్టినా కూర్చోవాలి. కూర్చోలేనివాళ్ళు ఈ పనికి రావొద్దు, నేల తుడుచుకోండి, అదీ మంచి పనే.

ఆ కూర్చునే వేళల్లోనే సుమియాతి పాటలు పుట్టేవి.

మైనం

గది వెనక తలుపు దగ్గర ఒక బల్ల ఉండేది. అక్కడ కూర్చొని ఫోను నోటి దగ్గర పెట్టుకొని చిన్నగా చెప్పేది. పాట అంటే గొంతెత్తి పాడేది కాదు, మాటకూ రాగానికీ మధ్యలో ఏదో. ఆ గొంతును వాళ్ళ ఆడవాళ్ళ గుంపుకు పంపేది. ఎక్కడెక్కడో ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళ దేశపు ఆడవాళ్ళంతా ఆ గుంపులో ఉండి ఇట్లాంటి పాటలు కట్టి ఒకరికొకరు పంపుకునేవాళ్ళు. దేవుడి మీద, చావు మీద. వాళ్ళ పెద్దలు పాడినవి కావు, వీళ్ళు కొత్తగా కట్టినవి. అందులో విమానాశ్రయం ఉండేది, లిఫ్టు ఉండేది. ఒక పాటలో చావు అంటే సంచులు తూకం వేసే మనిషట. “ఇది వదిలెయ్, ఇది కూడా వదిలెయ్” అని చివరికి సంచినే వదిలేయమంటాడట. దానికి నేను బాగా నవ్వాను. ఆ మనిషిని నేనూ చూశాను కదా.

మొదట నేను అర్థం అడిగింది మైనం పాటకు. వాళ్ళ వైపు ఆడవాళ్ళు గుడ్డ మీద వేడి మైనంతో పువ్వులు గీస్తారట. రంగులో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. ఆఖరికి మరిగే నీళ్ళలో వేస్తే మైనమంతా కరిగిపోయి పువ్వు బయటపడుతుంది.

“మనిషి ఒంటి మీదుండేది మైనం అక్కా. చావు ఆ మరిగే నీళ్ళు. లోపలి పువ్వు ఎవరో ముందే గీసి పెట్టినారు. మైనం పోతేగానీ కనపడదు.”

“కరిగిన మైనాన్ని ఏం చేస్తారు మే?”

“మళ్ళా కాచి వాడుకుంటారు.”

“అట్లయితే మైనమే మేలు గదా. పువ్వు గుడ్డను ఎవరో కట్టుకోని చింపుతారు.”

ఆమె పొట్ట పట్టుకొని నవ్వింది. లోపల మనిషి ఉందని గుర్తొచ్చి నోరు మూసుకుంది. నా మాటను రెండో చరణంగా కట్టింది కూడా.

మా నాయన దూది ఏకేవాడు. నేను ఆమెకు ఆ విల్లు గురించి చెప్పాను. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లు తంతి కింద పెట్టి కొడితే అది నురగలాగా లేస్తుందని. వారం రోజులు ఆమెకు అదే ధ్యాస. చావు విల్లు తంతి అంది. దేవుడు ఏకేవాడు అంది. దెబ్బ తగిలిన దూదే పైకి లేస్తుంది అంది.

“కొట్టినాక పాత దూది కొత్తదయితాదా అక్కా?”

“యాడ అయితాది? పొంగుతాది. నాలుగు నెల్లు పండుకుంటే మళ్ళా గడ్డలే.”

“ఆ మాట పాటలో పెట్టలేను.”

“ఎందుకు? అదే నిజం.”

“నిజమే. కానీ ఆ మాట ఇని ఎవురు నిద్రపోతారు?”

ఈ పాటల మీద నాకు ఉన్న తగువంతా ఇదే. వాటిలో చావు ఎప్పుడూ ఏదో ఒకటిగా మారిపోతుంది. పువ్వు, విల్లు, పడవ, వాకిలి. నేను రోజూ చూసే చావు దేనిగానూ మారేది కాదు. గుడ్డకింద అట్లాగే ఉండేది.

మా ఆయన పోయినప్పుడు

మా ఆయన ఊళ్ళో పరుపులు కుట్టేవాడు. సంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఫోను వచ్చినప్పుడు నా ముందు బల్ల మీద ఒకామెకు సగం స్నానం అయ్యింది. నేను ఫోను పక్కన పెట్టి చెంబు తీసుకున్నాను. సుమియాతి నా చేతిలో చెంబు లాక్కుంది.

“పో. కూచో.”

“సగం అయింది మే.”

“నేను చేస్తా. నువ్వు పోయి ఏడువు.”

ఏడుపు రాలేదు. ఆయనకు ఎవరు నీళ్ళు పోశారో, ఆ నీళ్ళు వెచ్చగా ఉన్నాయో లేదో, ఒళ్ళు ఎట్లా తిప్పారో, అదే మెదిలింది. భర్తకు భార్య స్నానం చేయించవచ్చు, మా మతంలో తప్పు లేదు. ఎంతమంది పరాయి ఆడవాళ్ళకో పోశాను. ఆయనకు పోయలేదు.

మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇంట్లోనే ఉండాలి, పరాయి మగవాళ్ళ ఎదుట పడకూడదు. ఇద్దత్ అంటాం. నయీం సాబ్‌ను అడిగితే, “ఇద్దత్ కూర్చోవాలంటే ఊరికి పోయి కూర్చో పెద్దమ్మా, కానీ మళ్ళీ రావడం ఉండదు” అన్నాడు. అట్లా పోతే పూట గడవదు. అప్పుడు సుమియాతి నా వరండాలు, నా వార్డులు, మగవాళ్ళు తిరిగే చోట్లన్నీ తన పనికి కలుపుకుంది. నన్ను ఆ గదిలోనే ఉండనిచ్చింది. అందులోకి ఆడవాళ్ళు తప్ప ఎవరూ రారు. నా ఇద్దత్ చచ్చిపోయిన ఆడవాళ్ళ మధ్య గడిచింది. ఆ మాట రేష్మాకు చెబుతుంటే కలం ఆపి నా వైపు చూస్తోంది. రాయమ్మా.

ఆ రోజుల్లో ఆమె నాకోసం ఒక పాట కట్టింది. వాళ్ళ ఊళ్ళలో తోలుబొమ్మలాట తెల్లవార్లూ ఆడతారట. మా వైపూ ఉండేది కాబట్టి చెప్పగానే నాకు తెలిసింది. ఆట అయిపోయాక రాజు బొమ్మనూ రాక్షసుడి బొమ్మనూ ఒకే పెట్టెలో ఒకదాని మీద ఒకటి పెడతారు. బొమ్మలు ఏడవవు, ఎందుకంటే ఆడించిన చెయ్యి చావలేదు, అని పాట.

“పెట్టెలో ఎలకలు కొడతాయి గదా” అన్నాను.

ఆమె నా పక్కకు జరిగి కూర్చుంది.

“ఆ చెయ్యి నాకు కూడు పెడతాదా? మా ఆయన్ని లేపుతాదా?”

“లేదు అక్కా.”

“మరి ఎందుకు చెప్తాండావ్?”

“నాకు వచ్చింది అదొక్కటే.”

ఆ జవాబును నేను ఈ రోజుకీ కాదనలేను. ఆ పాట నా దుఃఖాన్ని గోరంత కూడా తగ్గించలేదు. నా పక్కన కూర్చున్నది మాత్రం ఆమె ఒక్కతే.

పేరు

ఆమె కాగితాల్లో ఉన్న పేరు నూర్ జన్నా. ఆసుపత్రిలో అందరికీ ఆమె నూర్. పాటల గుంపులో ఆమె బాన్యు, అంటే వాళ్ళ భాషలో నీళ్ళు. తల్లి పెట్టిన పేరు సుమియాతి అని నా ఒక్కదానికి చెప్పింది. సౌదీకి రావడానికి అప్పట్లో ఆమెకు వయసు చాల్లేదట. ఏజెంటు వయసు పెంచి, వేరే పేరు, వేరే తండ్రి, వేరే ఊరు రాయించి పాస్‌పోర్టు చేయించాడు. ఆమె పక్క ఆడవాళ్ళు చాలామంది అట్లాగే వచ్చారు. తర్వాత మార్చుకుందామంటే ఉన్న పని పోతుంది. అదే కాగితం తిరిగి తిరిగి కొత్తదవుతూ వచ్చింది.

ఒకసారి అడిగాను. “తల్లి పెట్టిన పేరు పిలిచేవాళ్ళు లేకపోతే నీకేం అనిపించదా మే?”

దానికీ పాటే. నది సముద్రంలో దిగేముందు తన పేరును ఒడ్డున విప్పి పెడుతుందట. పేరు ఉన్నంతవరకూ సముద్రం రానివ్వదట. చావు అంటే ఆ ఒడ్డు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది, ఆ రోజుకు.

జబ్బు కడుపులో మొదలైంది. చాలాకాలం దాచింది, తెలిస్తే ఎగ్జిట్ వీసా కొట్టి ఊరికి పంపేస్తారని. దాచలేని స్థితికి వచ్చాక ఒకరోజు బల్ల మీద కూర్చొని నా చెయ్యి పట్టుకుంది.

“నన్ను నువ్వే కడగాల.”

“ఏం మాటలివి?”

“ఇంకొకరయితే చెయ్యి లాగుతారు అక్కా. నువ్వు కూచుంటావు.”

సరేనన్నాను. ఆమె అడిగింది అంతే. స్వర్గం అడగలేదు, ఊరికి పంపమనలేదు.

పెట్టె

ఆమె పోయిన రోజు నేను రేగాకు పొడి నానబెట్టి, కర్పూరం నూరి సిద్ధంగా ఉన్నాను. ఉమ్ ఫహద్ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“కాగితం రాలేదు దస్తగిరీ.”

పరదేశీ చనిపోతే వాళ్ళింటివాళ్ళు చెప్పాలి, ఇక్కడ మట్టి చెయ్యండి అనో, మా ఊరికి పంపండి అనో. ఆ సమ్మతి వచ్చేదాకా స్నానం లేదు, కఫన్ గుడ్డ చుట్టేది లేదు, చలిపెట్టెలోనే. ఎప్పుడూ ఉండేదే. కొందరికి వారం, కొందరికి నెల. నేను ఎదురుచూశాను. తర్వాత తెలిసింది, కాగితంలో ఉన్న ఊళ్ళో నూర్ జన్నా అనే మనిషీ లేదు, ఆమె తండ్రీ లేడు. ఎవరిని అడుగుతారు?

నయీం సాబ్ కాళ్ళావేళ్ళా పడితే ఆమె దేశపు ఎంబసీ ఆఫీసులో ఒక కుర్రవాడితో ఫోనులో మాట్లాడించాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆమె అసలు పేరు సుమియాతి అని చెప్పాను.

“ఏ ఊరమ్మా?”

నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఒకే బల్ల మీద కూర్చున్నాం, ఊరు పేరు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మా గదుల్లో ఊరు పేరు అడిగితే ఏడుపు వస్తుందని ఎవరూ అడగరు. అది మా మధ్య ఉన్న పద్ధతి. నాకు తెలిసిందల్లా చెప్పాను. ఊరి దగ్గర నది ఉంది. టేకుచెట్లు ఉన్నాయి, ఎండాకాలం ఆకు రాలుస్తాయి. ఆడవాళ్ళు మైనం కాస్తారు. తోలుబొమ్మలాట ఆడతారు. సమాధుల దగ్గర తెల్లపూల చెట్టు ఉంది, దాని పువ్వు వాడకుండానే రాలుతుంది.

ఆ కుర్రవాడు అంతా విన్నాడు.

“అమ్మా, మా దీవి అంతా అట్లాగే ఉంటుంది” అన్నాడు.

ఆమె ఫోను నా దగ్గరే ఉంది. వాళ్ళ గుంపుకు నా గొంతుతోనే అరబ్బీలో చెప్పి పంపాను. బాన్యు పోయింది, ఆమె ఊరు, ఆమె తల్లి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, లేకపోతే ఆమెకు మట్టి లేదు. అరగంటలో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒకామె పాట కట్టి పంపింది. ఇంకొకామె ఏడుస్తూ పాడింది. తెల్లపూల బొమ్మలు పంపారు, పడవ బొమ్మ పంపారు. అరబ్బీ వచ్చిన ఒకామె నాకు విడమరిచి చెప్పింది. “నీళ్ళు నీళ్ళలో కలిసినాయి, ఏడవొద్దు” అని అందరూ అంటున్నారట.

“ఆమె నీళ్ళలో కలవలేదు. పెట్టెలో ఉంది. ఊరు పేరు చెప్పు” అన్నాను.

“మాకు ఎవరి ఊరూ తెలియదు. పాటల్లో పేరు వదిలెయ్యాలి గదా” అంది.

ఆ ఆడవాళ్ళను నేను తిట్టను. వాళ్ళకూ వచ్చింది అదొక్కటే. కానీ ఈ పనికి పోయేవాళ్ళకు గట్టిగా చెబుతున్నాను. పక్క మంచం మీద పడుకునే మనిషికి నీ అసలు పేరు చెప్పు. ఊరు చెప్పు, తల్లి పేరు చెప్పు, ఊళ్ళో ఏ దుకాణంలో అడిగితే మీ ఇల్లు చూపిస్తారో చెప్పు. ఆమెవి కూడా అడుగు. ఏడిస్తే ఏడవనీ.

నేను రోజూ ఆ పెట్టె ముందు నేల తుడిచాను. తలుపు మీద నూర్ జన్నా అని అరబ్బీలో అంటించి ఉండేది. తుడుస్తూ మనసులో చెప్పుకునేదాన్ని, కాగితం రానీ, ఎంతసేపయినా కూర్చుంటాను, లాగను అని. ఇంతలో నా కాంట్రాక్టు అయిపోయింది. వయసు దాటిందని మళ్ళీ రాయలేదు. దాంతో ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కూడా అయిపోతుంది.

“ఈ ఒక్క పని అయ్యేదాకా ఉండనీ సాబ్. జీతం వద్దు” అన్నాను.

“మయ్యత్ కోసం ఇకామా ఆగదు పెద్దమ్మా. నువ్వు ఉండిపోతే నిన్నూ పట్టుకుంటారు, నన్నూ పట్టుకుంటారు.”

తప్పు చెప్పలేదు. పని నేర్చుకుంటున్న రెహానా అనే బంగ్లాదేశ్ అమ్మాయికి పెట్టె చూపించాను. ఈమెను తీసినప్పుడు కూర్చోవాలి, చేతులు లాగొద్దు, నీళ్ళు గోరువెచ్చగా, జడలు మూడు. ఆ పిల్ల అన్నింటికీ తలూపింది. నేను పెట్టె మీద చెయ్యి పెట్టి వచ్చేశాను. లోపల ఉన్న మనిషికి ఏం చెప్పాలో తోచలేదు. ఆమె అయితే పాట కట్టేది.

ఇప్పుడు

ఊరికి వచ్చాక ప్రతి శుక్రవారం రెహానాకు ఫోను చేసేదాన్ని. లేదు ఖాలా, ఇంకా రాలేదు ఖాలా అనేది, పిన్నిని పిలిచినట్టు. ఒక శుక్రవారం ఆమె గొంతు మారింది.

“ఖాలా, పెట్టెలు చాల్లేదని కొందరిని వేరే ఊరికి పంపినారు. నేను సెలవు నుంచి వచ్చి చూస్తే అందులో ఇంకెవరో ఉండారు.”

“ఏ ఊరికి?”

“ఎవురూ చెప్పలే.”

“ఉమ్ ఫహద్‌ను అడగలేదా?”

“అడిగినా. ఆమెకూ తెలీదంట. దువా చెయ్, దేవుణ్ణి అడుక్కో అనింది.”

అంతే. ఆమెకు ఎవరైనా నీళ్ళు పోశారో, ఇంకా ఏదో ఊరి పెట్టెలో ఉందో నాకు తెలియదు. పోసి ఉంటే తొందరపడి చెయ్యి లాగారో లేదో తెలియదు. మట్టి అయి ఉంటే ఏ పేరుతో అయ్యిందో తెలియదు. అక్కడ సమాధుల మీద పేరు రాయరు కాబట్టి ఇక తెలిసేదీ లేదు. ఈ పనిలో నేను నీళ్ళు పోసిన ఆడవాళ్ళ ముఖాలు నాకు కలలో రావు. పోయలేకపోయిన ఇద్దరు వస్తారు. ఒకరు మా ఆయన. ఒకరు ఈమె.

ఆమె పాటలు నా ఫోనులో ఉన్నాయి. అప్పుడప్పుడు పెట్టుకుంటాను. భాష తెలియదు. ఆమె చెప్పిన అర్థాలు గుర్తున్నాయి, ఏ గొంతుకు ఏ అర్థమో గుర్తులేదు. మైనం పాట అనుకొని విన్నది విల్లు పాట కావచ్చు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ పాటలన్నింటిలో చావు ఎక్కడికో ఒకచోటికి చేరుతుంది. సముద్రం చేరుతుంది, నేల చేరుతుంది, ఇల్లు చేరుతుంది. దారి మధ్యలో, చలిలో, వేరేవాళ్ళ పేరు తగిలించుకొని ఎవరి కాగితం కోసమో పడుండే చావు వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. అట్లాంటి పాట కట్టగలిగింది ఆమె ఒక్కతే. ఆమెకే అది జరిగింది.

ఇంక చాలు రేష్మా. కలం పెట్టు. మొదటి నుంచి చదివి వినిపించు, గట్టిగా, నిదానంగా. చావు ఎక్కడన్నా తియ్యగా వినపడితే ఆడ ఆగు, కొట్టేద్దాం. చదువు.